వంటింటి గూట్లో చిలకలు

కిందటి వారం మనం పళ్ల డాక్టరమ్మని గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే ఉంది. చేతులకి రబ్బరు తొడుగులు, నుదుటి మీద చిన్న దీపం, కళ్లల్లో నిప్పులు. కింది అంతస్తులో ఆవిడ ఆసుపత్రి, పై అంతస్తులో మన తాళాలమ్మ ఇల్లూ, ఆఫీసూ. ఆ మెట్లన్నీ ఆయాసపడుతూ ఎక్కివచ్చి ఆవిడ అడిగింది ఒకటే ప్రశ్న: "మా అన్నయ్య మోకాలి సంగతి మీ అత్తగారికి ఎలా తెలిసింది?"

కొత్తగా చదివేవాళ్ల కోసం నాలుగు ముక్కలు. చిలక బొమ్మ వేసుకున్న ఖరీదైన ఫోన్ల కంపెనీ ఒకటుంది. ఆ ఫోన్లు వాటిలో అవి కబుర్లు పంపుకోవడానికి ఒక సొంత ఏర్పాటుంది. అందులో రాసినదాన్ని పంపినవాళ్లూ అందుకున్నవాళ్లూ తప్ప మూడో కన్ను చూడలేదు. బాగానే ఉంది. కానీ వేరే కంపెనీ ఫోనున్నవాళ్లకి అందులో చోటు లేదు. ఎలాగో దూరినా, అందరి మాటలూ పచ్చగా ఉంటే వాళ్ల మాట ఒక్కటీ బూడిద రంగులో కనిపిస్తుంది. ఫొటోలు మసకబారతాయి. "నీ ఒక్కదాని వల్లే మా గుంపంతా పాడైంది" అని తోడబుట్టినవాళ్లే దెప్పుతారు. ఆ దెప్పుళ్లు పడలేక, ఉన్న ఉద్యోగం వదిలేసి, మామూలు ఫోన్లు కూడా చిలకల్లో చిలకల్లా కలిసిపోయే యాప్ తయారుచేసింది తాళాలమ్మ. బిస్కెట్ల డబ్బాకి కూడా తాళం వేసే మనిషి కాబట్టి అత్తగారు పెట్టిన పేరు అది. ఊరంతా అదే ఖాయం చేసింది.

చిలక కంపెనీ ఊరుకుంటుందా? కోర్టుకెక్కింది. పరాయివాళ్లు మధ్యలో దూరితే రహస్యాలకి భద్రతేదీ అని గోల పెట్టింది. తాళాలమ్మ ప్రమాణం చేసి మరీ జవాబిచ్చింది: "మధ్యలో ఎవరూ చదవలేరు. తయారుచేసిన నేనూ చదవలేను." ఆ మాట మీద విచారణ రేపు పొద్దున. మాట నిలబడితే యాప్ బతుకుతుంది. లేదంటే మూతపడుతుంది, ఇన్నాళ్ల ఆవిడ కష్టమంతా బూడిదలో పోసినట్టే. ఇదీ పరిస్థితి. సరిగ్గా ఇప్పుడొచ్చి మోకాలంటోంది డాక్టరమ్మ.

"ఏ మోకాలు డాక్టరుగారూ?" అంది తాళాలమ్మ.

"ఎడమది. ఇందాక మెట్ల దగ్గర మీ అత్తగారు ఎదురై, 'అన్నగారికి మోకాలి వాపు తగ్గిందా అమ్మా' అని అడిగారు. ఆ మాట మా అన్నయ్య నాకొక్కదానికే రాశాడు. అదీ మీ యాప్‌లోనే రాశాడు. ఆఖరికి మా వదినకి కూడా ఇంకోలా చెప్పాడు."

"ఇంకోలా అంటే?"

డాక్టరమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "మెట్ల మీద జారానన్నాడు. అసలు సంగతేంటంటే, మనవరాలి మూడు చక్రాల సైకిలెక్కి పడ్డాడు. ఎవరూ చూడట్లేదనుకుని వరండాలో తిరిగాడట. మలుపు దగ్గర బోల్తా. మీకు తెలీదు, ఆయనది చాలా పెద్ద హోదా. ఆయన గదిలోకొస్తే అందరూ లేచి నిలబడతారు. ఇది బయటికొస్తే ఇంకేమైనా ఉందా!"

ఆఫీసు గదిలో మూల బల్ల దగ్గర కూర్చున్న తాళాలమ్మ మొగుడు కంప్యూటరు తెర వెనక్కి మరికాస్త ఒదిగాడు. ఈ కంపెనీలో రెండో సగం ఆయనే. ఎవరేం అడిగినా కాదనలేడు కాబట్టి ఆయన్ని వీధిలో అందరూ సరేగారు అంటారు. అలా పిలిచినా ఆయన సరే అనే అంటాడు.

"అది జరిగే పని కాదండీ," అంది తాళాలమ్మ. పాఠం చెప్పే గొంతొకటి ఉందావిడకి, అది బయటికి తీసింది. "మీ ఫోనే ఒక తాళంకప్పని తయారుచేసి మీ వాళ్లందరికీ ఇస్తుంది. తాళంచెవి మాత్రం మీ ఫోన్లోనే ఉంటుంది, అది దాటి రాదు. మీ అన్నగారు రాసింది పెట్టెలో పెట్టి, మీ తాళంకప్ప వేసి పంపుతారు. ఒకసారి వేశాక ఆయనే మళ్లీ తియ్యలేరు. నేనూ తియ్యలేను. చిలక కంపెనీ యజమాని దిగివచ్చినా తియ్యలేడు."

"మరి మీ అత్తగారు ఎలా తీశారు?"

తాళాలమ్మ నోరు తెరిచింది. పళ్ల డాక్టరుకి తెరిచిన నోళ్లు కొత్త కాదు కాబట్టి ఆవిడేమీ చలించలేదు.

"తొందరగా తేల్చండి," అంది. "కింద ఒకాయన్ని నోటి నిండా దూది పెట్టి కూర్చోబెట్టి వచ్చాను."

తేల్చడానికి ఒక పద్ధతుంది. ఇద్దరి మధ్య తాళం సరిగ్గా పడిందో లేదో చూసుకోవడానికి ఇద్దరి ఫోన్లలోనూ ఒక అంకెల వరస కనిపిస్తుంది. రెండు చోట్లా అవే అంకెలుంటే మధ్యలో ఎవరూ లేనట్టు. ఒక్క అంకె తేడా వచ్చినా ఎవరో కూర్చున్నట్టు. డాక్టరమ్మ అన్నగారికి ఫోన్ కలిపి, స్పీకరు పెట్టి, బల్ల మీద ఉంచింది. అన్నగారిది అసలు సిసలు చిలక ఫోన్.

"చదవమంటారా?" అంది అవతలి గొంతు. ఎంత నిండైన గొంతంటే, వింటూనే సరేగారు లేచి నిలబడ్డాడు. "మొదటి అంకె, నాలుగు. విన్నారా? తర్వాతి అంకెకి వెళ్లవచ్చునా?"

"అక్కర్లేదన్నయ్యా," అంది డాక్టరమ్మ. "నా దాంట్లో మొదటిదే ఒకటి ఉంది."

తాళాలమ్మ ఫోన్ లాక్కుని చూసింది. ఒకటి. తర్వాత మూడు. అన్నగారు అవతల ఏడు అంటున్నారు. తప్పు చిలక కంపెనీదా, తనదా, తాళం వెనకున్న లెక్కదా? లెక్కది కాదు, లెక్క ఎప్పుడూ తప్పు చెయ్యదు. ఎవరో మనిషి చేశాడు.

"అయ్యా, ఒక్కసారి మీ చెల్లెలుగారికి ఏదైనా రాసి పంపండి," అంది తాళాలమ్మ.

"ఏమి రాయమంటారు?"

"ఏదైనా సరేనండీ."

అంతలో వంటింట్లో చిలక కూసింది.

చిలక ఫోన్లకి కబురొస్తే అలాగే కూస్తాయి. ఆ కూత వినని మనిషి లేడు. అది విన్నాక, ఒక గుక్క నీళ్లు తాగేంత సేపు గడిచి, అప్పుడు డాక్టరమ్మ ఫోన్ తాళాలమ్మ చేతిలో గుర్రుమంది. ముందు వంటిల్లు, తర్వాత డాక్టరమ్మ. తాళాలమ్మ మొగుడి వైపు చూసింది. మొగుడు గోడ గడియారం వైపు చూశాడు.

"ఆ కూత ఎక్కడిది?"

"ఏ కూత?" అన్నాడు సరేగారు. ఆయనకి అబద్ధమాడటం చేతకాదు. చెవులు ముందే ఎర్రబడ్డాయి.

తాళాలమ్మ ఆ ఫోన్ బల్ల మీద పడేసి వంటింట్లోకి పరిగెత్తింది. వెనకే డాక్టరమ్మ, ఆ వెనక ఉరికంబం ఎక్కబోతున్నట్టు సరేగారు. డాక్టరమ్మ ఎందుకైనా మంచిదని బల్ల మీది తన ఫోన్ తీసి కోటు జేబులో వేసుకుంది.

వంటింట్లో అత్తగారు ఎత్తుపీట మీద కూర్చుని, గట్టు మీద కత్తిపీట పెట్టుకుని బీన్సు తరుగుతోంది. కళ్లజోడు ముక్కు చివరికి జారి ఉంది. వెనక్కి తిరక్కుండానే అంది, "డాక్టరమ్మా, మీ అన్నగారు 'పరీక్ష' అని పంపారు. ఈ వయసులో ఏం పరీక్షమ్మా ఆయనకి?"

పైన గూట్లో, డబ్బాలు పక్కకి జరిపిన చోట, మడత పెట్టిన తువ్వాలు మీద చిలక ఫోన్లు వరసగా పడుకుని ఉన్నాయి. అన్నీ ఎవరో వాడి వదిలేసినవే. ఒకదానికి అద్దం పగిలింది, ఇంకోదానికి మూల ఎగిరిపోయింది. ప్రతిదానికీ ఒక తీగ, ప్రతిదాని నడుముకీ బ్యాండేజీ పట్టీ, దాని మీద అత్తగారి గుండ్రటి చేతిరాత: పళ్ల డాక్టరు. దర్జీ. సంగీతం టీచరు. ఎదురింటి కవలలు.

"ఏంటివి?" అంది తాళాలమ్మ. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. ఆ నెమ్మది చూసే సరేగారికి చెమటలు పట్టాయి.

"అదే... కొందరి దగ్గర పాత ఫోన్లున్నాయి కదా," అని నీళ్లు నమిలాడు. "వాటిలో తాళంచెవి దాచుకునే అర లేదు కదా. మన యాప్ పట్టదు. నువ్వేమో కొన్నాళ్లాగమన్నావు. డాక్టరుగారు అడిగారు. దర్జీ అడిగాడు. పాపం సంగీతం టీచరుగారైతే ఏడిచినంత పని చేసింది. నేనేమో..."

"సరే అన్నావు."

"సరే అన్నాను."

"అని?"

"ఒక్కొక్కళ్లకి ఒక్కో చిలక ఫోన్ పెట్టాను. వాళ్ల బదులు ఇది కబురు అందుకుంటుంది. తెరిచి, వాళ్ల ఫోన్‌కి పంపిస్తుంది. వాళ్లు రాసేదీ దీని మీదుగానే వెళ్తుంది."

"తెరిచి!" అంది తాళాలమ్మ. "ఆ మాట ఇంకోసారనకు, ప్రాణం పోతోంది నాకు. పోనీ, వంటింట్లో ఎందుకు పెట్టావు?"

"ఆఫీసు గదిలో పెడితే నువ్వు చూస్తావుగా!"

ఇంత నిజాయితీగా తప్పు చేసే మనిషిని ఏం చెయ్యాలో తాళాలమ్మకి పెళ్లయినప్పటినుంచీ అర్థం కాలేదు. ఆవిడ అత్తగారి వైపు తిరిగింది.

"అత్తయ్యా, మీరు ఇవన్నీ చదువుతున్నారా?"

"ఛ ఛ, నేనెందుకు చదువుతాను?" అంది అత్తగారు. "చార్జింగుందో లేదో చూడమన్నాడు వీడు. నొక్కితేనే కదా తెలిసేది. నొక్కితే అక్షరాలు కనబడతాయి. కనబడితే కళ్లు మూసుకోమంటావా?"

"మూసుకోవాలి!"

"చూడమ్మాయ్. నా ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో గడిచింది. తీగలు కలిపేదాన్ని. కలిసిందో లేదో తెలియాలంటే వినాలి. ఎన్ని పెళ్లిళ్లు కుదరడం విన్నాను, ఎన్ని చెడిపోవడం విన్నాను! ఒక్క ముక్క నా పెదవి దాటలేదు. మీ మామయ్యకి కూడా చెప్పలేదు, ఆయన అడిగి అడిగి అలిసిపోయాడు."

"మరి మోకాలు దాటిందిగా!"

"మోకాలు రహస్యమేంటి?" అంది అత్తగారు, నిజంగానే ఆశ్చర్యపోతూ. "ఒంట్లో బాగాలేదంటే అడగడం మర్యాద. సైకిలు సంగతి అడిగానా? లేదే! అదీ రహస్యమంటే."

డాక్టరమ్మ కాసేపు ఆలోచించింది. "అదీ నిజమేలెండి," అంది.

"మీరూనా డాక్టరుగారూ!" అని నెత్తి పట్టుకుంది తాళాలమ్మ.

అత్తగారికి ఉత్సాహం వచ్చింది. మెచ్చుకోళ్లు దొరక్క చాలా కాలమైంది పాపం. "చదవడం కాదు, మంచి కూడా చేశాను. మొన్న దర్జీకి వాళ్ల తమ్ముడు నానా మాటలూ రాశాడు. చూస్తే అన్నదమ్ములు విడిపోయేట్టున్నారు. ఆ ఫోన్ తీగ పీకి, ఆపేసి పడుకోబెట్టాను. రెండో రోజు పొద్దున్నే ఆ తమ్ముడే వచ్చి దర్జీ కొట్లో టీ తాగుతూ కూర్చున్నాడు. అప్పుడు మళ్లీ దాన్ని లేపి తీగ పెట్టాను. ఇప్పుడిద్దరూ ఎంత బాగున్నారో అడుగు!"

తాళాలమ్మ గడప మీద కూలబడింది. చదవడమే కాదు, ఆపడం కూడా. ప్రపంచంలో ఏ దొంగైనా, ఏ నిఘావాడైనా చెయ్యాలని కలగనే పనులన్నీ ఈ వంటింట్లో బీన్సు తరుగుతూ జరిగిపోయాయి. చిలక కంపెనీ వకీలు రేపు కోర్టులో ఊహించి చెప్పబోయే భయాలకన్నా నిజం నాలుగాకులు ఎక్కువే చదివింది.

"నేను ప్రమాణం చేశాను," అంది ఎటో చూస్తూ. "ఎవరూ చదవలేరని ప్రమాణం చేశాను."

అప్పుడు అందరికీ రేపు గుర్తొచ్చింది. కత్తిపీట కూడా ఆగిపోయింది.

"ఇప్పుడే పీకేస్తాను," అన్నాడు సరేగారు. గబగబా రెండు తీగలు లాగేశాడు. "ఇక లేవు. అయిపోయింది. రేపు నువ్వు చెప్పేది నిజమే అవుతుంది."

"నిన్న చెప్పిందో?"

"నేనెవరికీ చెప్పనమ్మా," అంది డాక్టరమ్మ. "మీరు మంచివాళ్లు. పైగా యాప్ పోతే మా తోబుట్టువుల్లో నేనొక్కదాన్నే మళ్లీ బూడిద రంగు అయిపోతాను. నా వల్ల కాదు."

"నేను చెప్పడమనేది ఎలాగూ ఉండదు," అంది అత్తగారు.

ముగ్గురూ తాళాలమ్మ వైపే చూశారు. ఆవిడకి నిజంగా ఆశ పుట్టింది. పుట్టలేదంటే నేను అబద్ధం చెప్పినట్టు. ఇన్నాళ్ల నిద్రలేమి, వదిలేసుకున్న ఉద్యోగం, 'మా నాన్న ఫొటో మొదటిసారి స్పష్టంగా చూశాను' అని రాసిన ఎవరో తెలియని అమ్మాయి, అన్నీ కళ్లముందు తిరిగాయి. నలుగురు నోరు మూసుకుంటే చాలు. ఆ నలుగురూ ఈ గదిలోనే ఉన్నారు. ఊరుకుందామా అనుకుంది. చాలా గట్టిగానే అనుకుంది.

అనుకుని, లేచి వెళ్లి తన ఫోన్ తెచ్చుకుని, గడప మీదే కూర్చుని టైపు చెయ్యడం మొదలుపెట్టింది. యాప్ వాడేవాళ్లందరికీ ఒకేసారి వెళ్లే ప్రకటన. తమ వకీలుకీ అదే నకలు.

"మీలో పాత ఫోన్లున్న కొందరి కబుర్లు కొన్నాళ్లుగా మా వంటింట్లో ఆగి వస్తున్నాయి," అని పైకి చదువుతూ రాసింది. "మా ఇంటి మనిషి ఒకరు వాటిని చదివారు."

"చదివారని రాయకు. కనబడ్డాయని రాయి," అంది అత్తగారు.

"చదివారు. కొన్నిటిని ఆపారు కూడా. ఈ సంగతి నాకు ఇవాళే తెలిసింది. నేను ప్రమాణం చేసి చెప్పింది తప్పు. ఆ ఫోన్లు తీసేస్తున్నాం. మిగతావాళ్ల తాళాలు గట్టివే, కానీ నమ్మాలో వద్దో మీ ఇష్టం."

"వద్దు," అన్నాడు సరేగారు.

ఆ మాట ఆయన నోట వినడం అక్కడెవరికీ ఇదే మొదలు.

"ఒరేయ్, నీకు ఆ మాట కూడా వచ్చా!" అంది కన్నతల్లి.

"వద్దు, పంపకు," అన్నాడు మళ్లీ. "తప్పు నాది. పోయేది నీ కష్టం. నువ్వు పంపితే రేపటితో అంతా అయిపోతుంది. నిన్నలా చూడలేను నేను."

తాళాలమ్మకి ఆయన మీద కోపం, జాలి, ప్రేమ ఒకదాని మీద ఒకటి పొంగుకొచ్చాయి. ముక్కు ఎగబీల్చి, చీర చెంగుతో కళ్లు తుడుచుకుంది.

"మనం నలుగురం మంచివాళ్లమే," అంది. "నోరు కట్టుకుని కూర్చోగలం. అంత మంచివాళ్లు మధ్యలో ఉంటే ఇక తాళం దేనికి? మధ్యలో ఎలాంటివాడున్నా పనికి రావాలనే కదా నేనిదంతా చేసింది. ఇవాళ మీ ముగ్గుర్నీ నమ్ముకుని ఊరుకున్నానంటే, నా యాప్‌ని నేనే నమ్మనట్టు."

బొటనవేలు నొక్కింది. వెళ్లిపోయింది.

గూట్లో తీగలు పీకినా బ్యాటరీ మిగిలిన చిలకలూ, పీకని చిలకలూ ఒక్కసారిగా కూశాయి. ఎవరికి వెళ్లాల్సిన ప్రకటన వాళ్ల చిలకకే ముందొచ్చింది మరి. అత్తగారి చెయ్యి అలవాటు కొద్దీ పైకి లేచింది.

"చూడకండి!" అన్నారు ముగ్గురూ.

ఆవిడ నొచ్చుకుని చెయ్యి ఒళ్లో పెట్టుకుంది. అప్పుడు మాట్లాడింది డాక్టరమ్మ కోటు జేబు.

"నేను ఇంకా లైన్లోనే ఉన్నాను," అంది ఆ నిండు గొంతు.

డాక్టరమ్మ ఉలిక్కిపడి ఫోన్ బయటికి తీసింది. "పెట్టెయ్యలేదా అన్నయ్యా!"

"అంకెలు చదవమన్నారు. ఏదైనా రాయమన్నారు. ఇక చాలని ఎవరూ అనలేదు."

"అయితే మొత్తం విన్నావా?"

"వినబడింది."

"చూశావా," అంది అత్తగారు కోడలితో, ఆయనెవరో తన పాత ఎక్స్ఛేంజీ మనిషైనట్టు.

"అమ్మా, తాళాలమ్మగారూ," అన్నారు అన్నగారు. "ఆ ప్రకటన పంపేశారా, ఇంకా చేతిలోనే ఉందా? ఆ ఒక్క ముక్కా సరిగ్గా వినబడలేదు."

"పంపేశానండీ."

అవతల కుర్చీ కిర్రుమంది. "మంచిది. చిలక కంపెనీ దావా రేపు పొద్దున నా ముందుకే వస్తోంది. ఇవాళ మధ్యాహ్నమే నాకు అప్పగించారు."

డాక్టరమ్మ నోరు వెళ్లబెట్టింది. "ఆ కేసుకి జడ్జివి నువ్వా? నాకు ముక్క కూడా చెప్పలేదేం?"

"కోర్టు సంగతులు నేను చెల్లెళ్లకి రాయను. మోకాళ్ల సంగతులు రాస్తుంటాను. ఇకమీదట అవీ రాయను." అన్నారాయన. "ఇంత విన్నాక ఆ కుర్చీలో నేను కూర్చోకూడదు. ఇంకొకరికి అప్పగించమని ఇప్పుడే చెబుతాను. ఎందుకని అడుగుతారు, విన్నదంతా చెప్పాల్సి వస్తుంది. సైకిలుతో సహా. ఏం చేస్తాం. ఇక మీ విషయం. రేపు మీరొక్కరూ వస్తే సరిపోదు. ఆ తీగలు చూసుకునే పెద్దావిణ్ణి కూడా తీసుకురండి. ఆవిడ సాక్ష్యం లేకుండా ఇది తేలదు. ఏం చదివారు, ఎవరివి చదివారు, ప్రమాణం మీద అన్నీ అడుగుతారు. దాచడానికి వీల్లేదు."

కత్తిపీట మీంచి బీన్సు గింజొకటి జారి నేల మీద పడింది. ఉద్యోగమంతా పెదవి దాటనివ్వని మనిషిని బోనెక్కించి అన్నీ చెప్పమంటున్నారు. అత్తగారు కళ్లజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంది.

"అన్నీ అంటే అన్నీనా అండీ?" అని అడిగింది.

"అన్నీ."

అత్తగారు కొడుకు వైపు ఒకసారి చూసి, చూపు దించుకుంది. "వీడి ఫోనూ పాతదేనండీ. వీడికీ గూట్లో ఒక చిలకుంది. అయితే, ఈ మధ్య ఆ చిలక కంపెనీ పెద్దాయన వీడికి రాసినవీ, వీడు జవాబిచ్చినవీ కూడా చెప్పాలా?"

తాళాలమ్మ మొగుడి వైపు తిరిగింది. ఆయన బీన్సు ముక్కలకేసి చూస్తున్నాడు.